గొరసల తోక

సబ్‌మెరైన్‌కి వెనక చెవుడు. ఇదేం రహస్యం కాదు. ముక్కు నిండా, పక్కల నిండా చెవులు పెట్టుకుని తిరిగే ఆ యంత్రానికి తన వీపు వెనక ఏముందో వినపడదు, ఎందుకంటే అక్కడ దాని పంకాయే తిరుగుతూ మోత పెడుతుంటుంది. వెంటాడేవాడు తెలివైనవాడైతే సరిగ్గా ఆ మోతలోనే దాక్కుని వస్తాడు. అందుకే సబ్‌మెరైన్ నడిపేవాళ్ళు ఉన్నట్టుండి గిర్రున వెనక్కి తిరిగి చూసుకుంటారు. పొడుగాటి తీగకి చెవులు గుచ్చి ఈడ్చుకెళ్తారు. టార్పెడో తరుముకొస్తే బుడగలు కక్కే డబ్బాలు వదిలి దాన్ని వాటి మీదికి మళ్ళిస్తారు. అన్నీ పాత ఉపాయాలే. మాటిమాటికీ తిరిగితే ప్రయాణం సాగదు, తీగ తెగుతుంది, డబ్బాలు అయిపోతాయి.

మైలపల్లి నూకరత్నం కనిపెట్టింది వీటిలో ఏదీ కాదు. ఆమె సబ్‌మెరైన్‌కి చేపల తోక తగిలించింది.

గంగమ్మపాలెం హార్బరు పైన కొండ మీద ఒక ప్రయోగశాల ఉంది. నూకరత్నం అక్కడ ఇంజినీరు. పుట్టింది కొండ కింద, చేపల వేటగాళ్ళ ఇంట్లో. ప్రయోగశాలలో ఈత కొలనంత తొట్టి, అందులో వందలాది గొరసలు. గొరసంటే తెలియనివాళ్ళకి చెప్తున్నాను, అది కడుపులోని గాలిసంచిని కొట్టుకుంటూ గుర్రుగుర్రుమనే చేప. మంద కట్టి అరిస్తే, బోటు అడుగు చెక్కకి చెవి ఆనించినవాడికి కప్పల మడుగు మీద కూర్చున్నట్టుంటుంది. ఒక రకం లావుపాటి శబ్దం నీళ్ళలోకి వదిలితే ఈ మంద దాని వెనకే పడి వస్తుందని నూకరత్నం తేల్చింది. తేల్చడానికి ఆమె ముప్పైల వయసు మొత్తం కరిగిపోయింది.

తేల్చిన రోజున ప్రయోగశాల అధిపతి పరాంకుశం తొట్టి గట్టు మీద బూట్లు విప్పి నిలబడి, నేల తుడిచే కర్రను మంద వెనక నీళ్ళలోకి మెల్లగా దింపాడు. కర్ర ఇంకా బారెడు దూరంలో ఉండగానే గొరసలన్నీ ఒక్కసారి నోరు మూశాయి. స్పీకర్లో ఒక్క చప్పుడు లేదు. ఆయన కర్ర తీశాడు. మళ్ళీ గోల. దింపాడు. మళ్ళీ నిశ్శబ్దం. చిన్నపిల్లాడిలా నాలుగైదుసార్లు ఆడి, గట్టు మీదే కూలబడి నవ్వాడు. అరిచినంతసేపూ పంకా మోతను కప్పేస్తాయి. ఆపాయంటే వెనక ఎవడో ఉన్నాడని అర్థం. చెవిటి వీపుకి చెవి మొలిచింది. సాయంత్రం ప్రయోగశాలంతా కాజాలు పంచారు.

దానికి పరాంకుశం తన వంతుగా ఒకటి జోడించాడు. చేపలు నోరు మూయగానే మనిషి ఆలోచించే దాకా ఆగకుండా సబ్‌మెరైన్ తనంతట తానే విసురుగా వెనక్కి తిరగాలి, మరింత లోతుకి దూకాలి. తరిమేవాడు తేరుకునేలోపు వాడికి ఎదురుగా నిలబడాలి. యంత్రం పెట్టారు. బాగానే పనిచేసింది.

ఆ గొరసలు ఎవరివి అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఎవరివో నేను చెప్తాను. నూకరత్నం అన్న ఎల్లాజీ వాటి మీదే బతుకుతున్నాడు. అతను మరబోటు నడిపే సారంగు. బోటులో ఇంజన్ చూసేది అతని బావమరిది సూరిబాబు. సముద్రంలో తోక ప్రయోగాలు మొదలైన దగ్గర్నుంచి ఒడ్డు దగ్గర గొరస మాయమైంది. బోట్లు ఐసు నింపుకుని వెళ్తున్నాయి, ఐసు నీళ్ళు మోసుకుని తిరిగొస్తున్నాయి. ఎల్లాజీ మొదట పెద్ద కంపెనీల ఓడల్ని తిట్టాడు, తర్వాత ఎండల్ని తిట్టాడు, తర్వాత నూకాలమ్మకి కోడిని మొక్కాడు. నూకరత్నం ఆ ఇంట్లో కూర్చుని అన్నం తింటూ అన్నీ విన్నది. చేపలు ఎటు పోయాయో ఆమెకి తెలుసు. అవి ఒక ఇనప గొట్టం వెనక ఊరేగింపుగా తిరుగుతున్నాయి. చెప్పడానికి లేదు. ఉద్యోగంలో చేరిన రోజే నోటికి తాళం వేశారు, విప్పితే జైలు.

"ఏటే మరదలా, కొండ మీద అంత సదివి, సేపలెక్కడికెల్లిపోయాయో కనిపెట్టలేవేటి?" అని సూరిబాబు ఎగతాళి చేశాడు. వదిన పైడమ్మ తమ్ముణ్ణి కసిరింది.

ఇక్కడ గంగమ్మపాలెం బోట్ల అలవాటొకటి చెప్పాలి. ప్రతి బోటులో వైర్‌లెస్ ఉంటుంది. తుపాను కబుర్ల కోసం ఇచ్చారు. వీళ్ళు అబద్ధాలాడుకోవడానికి వాడుతున్నారు. వలనిండా పడినవాడు ఏమీ లేదంటాడు. దక్షిణాన ఉన్నవాడు ఉత్తరాన ఉన్నానంటాడు. ఎవడైనా ఇటు రావొద్దు, రాళ్ళున్నాయి, వల చిరిగిపోద్ది అన్నాడంటే చాలు, పది బోట్లు అటే తిరుగుతాయి. సొంత మనుషులకి కూడా ఉందని నోరారా చెప్పరు. లేదనే చెప్తారు, వాళ్ళే అర్థం చేసుకుంటారు. ఇందులో ఎల్లాజీ ఘనుడు. ఒకసారి వల ఖాళీ అని వైర్‌లెస్‌లో వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పుడు బోటులో కాలు పెట్టడానికి చోటు లేక సూరిబాబు చేపల మీదే కూర్చుని ఉన్నాడు. దీన్ని దొంగబుద్ధి అనే పెద్దమనుషులు ఒక్కసారి వేటకెళ్ళి చూడాలి. పొలానికి గట్టుంటుంది. చేపకి లేదు. చూసినవాడిది కాదు, ముందు వల వేసినవాడిది.

దక్షిణపు లోతులో జరగాల్సిన పెద్ద ప్రయోగం దగ్గర పడింది. నిజమైన సబ్‌మెరైన్, వెనక తోక, దాన్ని తరమడానికి మన సబ్‌మెరైనే మరొకటి. నూకరత్నం పరాంకుశం గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. చేప ఎక్కడుంటే బోటు అక్కడుంటుందని చెప్పింది. గొరసలు దక్షిణపు లోతుల్లోకి పోయాయని సారంగులు ఇవాళ కాకపోతే రేపు పసిగడతారని, కిందికి వల దింపుతారని, ఆ వలకి సబ్‌మెరైన్ తగిలితే బోటు నిలవదని చెప్పింది. హార్బరుకి ఒక్క మాట కబురు పెట్టమంది. పరాంకుశం ఓపిగ్గానే విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టి వదిలేద్దును. కబురు పెడితే ప్రయోగం ఎక్కడో ఊరంతటికీ, ఊరు దాటి ఇంకెవరికో తెలుస్తుందన్నాడు. పైగా తమ మనుషులు బోట్ల వైర్‌లెస్‌ని వారాల తరబడి వింటున్నారట. ఒక్క బోటు కూడా దక్షిణాన లేదట.

"వాళ్ళు ఉత్తరాన ఉన్నామన్నారంటే దక్షిణాన ఉన్నట్టు సార్."

"నీ ఇంట్లో సంగతులు నీకు తెలుసు, కాదనను. కానీ రత్నం, ఎవరో అబద్ధం చెప్తున్నారన్న అనుమానం మీద నేను ప్రయోగం ఆపలేను. నాకు వినపడింది నేను రాసుకుంటాను."

వినపడింది రాసుకున్నాడు. చదువుకున్నవాళ్ళకి ఇదొక జబ్బు.

ఇంక నూకరత్నం చేతిలో మిగిలింది అన్న ఒక్కడే. ప్రయోగం ముందు రోజు ఆమె హార్బరుకి వెళ్ళింది. ఎల్లాజీ వల కన్నాలు కుట్టుకుంటున్నాడు. సూరిబాబు ఇంజన్ గదిలోంచి తల బయటపెట్టి చూస్తున్నాడు. ఆమె చుట్టూ చూసి, అన్న పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది.

"అన్నా, రేపు దచ్చినం లోతుకి ఎల్లకు."

"ఏటి?"

"ఏటీ నేదు. అక్కడ ఏటీ నేదు. ఎల్లకు, అంతే."

ఎల్లాజీ దారం నోటితో కొరికి, చెల్లెలి మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. కొండ మీద యంత్రాల్లో దీనికి అన్నీ కనబడతాయి, ఉద్యోగం పోతాదేమోనని బయటికి చెప్పలేకపోతోంది, అయినా అన్న పిల్లలు పస్తులుంటున్నారని జాలిపడి, చేప ఉన్న చోటు చెప్పడానికి వచ్చింది. అతనికి అర్థమైంది ఇది. ఆమె తల నిమిరాడు. సరే ఎల్లను అన్నాడు. ఇంజన్ గదిలో సూరిబాబు కన్నుగీటి, అదనంగా డీజిల్ పోయించడానికి కేను అందుకున్నాడు.

అన్నకి చెప్పేశానన్న నిబ్బరంతో నూకరత్నం ఇంటికి పోయింది. పాలెంలో పుట్టి, ఆ వైర్‌లెస్ వింటూ పెరిగి, తన నోటితో తానే అన్నకి దారి చూపించింది. కొండెక్కి అన్నేళ్ళైంది కదా, అక్కడ లేదంటే లేదనే అర్థం.

ప్రయోగం పొద్దున్న మొదలైంది. నూకరత్నం, పరాంకుశం సబ్‌మెరైన్‌కి కొంత దూరంగా ఒక సహాయ ఓడలో ఉన్నారు. నీళ్ళలోకి దింపిన చెవులు, స్పీకర్లు, బల్ల మీద వైర్‌లెస్. గొరసలు గోల పెడుతున్నాయి. పంకా మోత ఎక్కడా తగలడం లేదు. పరాంకుశం చెవులకి పెట్టుకున్నది తీసి, మడుగులో కప్పలే కప్పలు అని మురిసిపోయాడు.

ఎండెక్కాక గోల ఆగిపోయింది.

గదిలో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. పరాంకుశం తెర మీదికి వంగాడు. తరిమే సబ్‌మెరైన్ అనుకున్నదానికంటే ముందే వచ్చిందని, అయినా తోక పట్టేసిందని అన్నాడు. నూకరత్నం చప్పట్లు కొట్టలేదు. ఆమెకి ఆ నిశ్శబ్దంలో ఇంకేదో వినపడుతోంది. నేల మీద రేకు తలుపు ఈడ్చినట్టు, ఆగి ఆగి ఒక గీకుడు. వల నోరు విప్పి ఉంచడానికి రెండు పక్కలా కట్టే చెక్క బోర్డులు బురద మీద రాసుకుంటే వచ్చే చప్పుడది. దాని పైన డగడగమని డీజిల్ ఇంజన్.

"సార్, అది సబ్‌మెరైన్ కాదు. బోటు. ఆపమనండి."

ఆయన ఒక్క నిమిషం అన్నాడు. తరిమే సబ్‌మెరైన్ ఎక్కడుందో కనుక్కోమని ఎవరికో చెప్పాడు. నీళ్ళ కింది టెలిఫోన్లో మాట్లాడితే ప్రయోగం అక్కడితో చెడినట్టేనన్నాడు. మళ్ళీ ఒక్క నిమిషం అన్నాడు. కింద యంత్రం ఎవరి నిమిషం కోసమూ ఆగలేదు. సబ్‌మెరైన్ విసురుగా తిరగడం మొదలెట్టింది.

నూకరత్నం వైర్‌లెస్ లాక్కుంది. జైలు సంగతి అప్పుడు గుర్తొచ్చిందో లేదో నాకు తెలీదు.

"ఎల్లాజన్నా, నాను రత్నాన్ని. వల వదిలేయ్. వైర్లు తెంపేయ్. నీ కింద సబ్‌మెరైన్ ఉంది."

కాసేపు గరగర. తర్వాత ఎవరిదో నవ్వు.

"ఎవులే అది? ఎల్లాజీ సెల్లెలి సేత కూడా అబద్దం ఆడించేత్తన్నాడ్రోయ్."

"మొన్న రాళ్ళన్నాడు, నిన్న తిమింగలమన్నాడు. ఇయాల సబ్‌మెరైనంట."

"ఎంత సేప పడిపోయిందో ఏటో, సబ్‌మెరైన్ దాకా ఎల్లిపోయేడు."

ఆమె అరిచింది, బతిమాలింది, నూకాలమ్మ మీద ఒట్టేసింది. ఆ వైర్‌లెస్‌లో నూకాలమ్మ మీద ఒట్లు రోజూ పడతాయి. తెర మీద చూస్తే ఉత్తరాన ఉన్నామన్న బోట్లన్నీ నిజంగా ఎక్కడెక్కడున్నాయో అక్కడ్నుంచి ఎల్లాజీ వైపు తిరుగుతున్నాయి. అప్పుడు ఎల్లాజీ గొంతు వచ్చింది. మెల్లగా, మురిపెంగా.

"సాల్లే రత్నా. నాకు అర్థమైపోనాది. ఇంకేటీ సెప్పకు, అందరూ ఇంటన్నారు."

నూకరత్నం వైర్‌లెస్ కింద పడేసింది. ఇంక మాటతో పని లేదు. వాళ్ళు నమ్మేది ఒక్కటే, బోటులో చేపల్ని చూపించే చిన్న తెర. ఆమె నీళ్ళలోకి దింపిన స్పీకర్ మీటల దగ్గరికి పోయి, గొరసల్ని తినే డాల్ఫిన్ల వేట చప్పుడు పెట్టింది. పరాంకుశం వద్దు వద్దని చెయ్యి పట్టుకున్నాడు. ఆమె మోచేత్తో నెట్టేసింది. అంత శ్రమపడి పోగేసిన మంద కన్ను మూసి తెరిచేలోగా చెల్లాచెదురైపోయింది. పరుగున వస్తున్న బోట్లు తెరలు ఖాళీ అయిపోవడం చూసి జోరు తగ్గించాయి. ఒక్కొక్కటీ బూతులు తిడుతూ మళ్ళిపోయాయి.

ఎల్లాజీ బోటు మళ్ళలేదు. వల అప్పటికే చుట్టుకుంది.

పరాంకుశం అప్పుడు టెలిఫోన్ ఎత్తాడు. ఆ ఆలస్యం ఆయన బతికినంతకాలం మోస్తాడనుకుంటాను, మొయ్యాలి కూడా. సబ్‌మెరైన్‌లో ఉన్నవాళ్ళకి చిన్న కుదుపు తెలిసిందట, అంతే. పైన వలని లాగే రెండు వైర్లూ కర్రల్లా బిగిశాయి. బోటు వెనక్కి నడవడం మొదలెట్టింది. సూరిబాబు ఇంజన్ గదిలోంచి దూకి, వైర్లు వదిలెయ్యడానికి, వాటిని చుట్టే వించి బ్రేకు దగ్గరికి పరిగెత్తాడు. వెనక భాగం నీళ్ళలోకి దిగిపోయి ముందు భాగం ఆకాశంలోకి లేచింది. ఎల్లాజీ, వల లాగే కలాసీలు నీళ్ళలో పడ్డారు. సహాయ ఓడ వాళ్ళని ఏరుకుంది. సూరిబాబు బ్రేకు వదల్లేదు. బోటుతోపాటే వెళ్ళిపోయాడు.

ఆస్పత్రిలో ఎల్లాజీ విరిగిన చేతికి కట్టుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు. నూకరత్నం మంచం పక్క నిలబడింది. ప్రయోగశాల ఆమెని గెంటేసింది. కేసు సంగతి తర్వాత చూస్తారట.

"నేదన్నావు గదే," అన్నాడు ఎల్లాజీ గోడతో.

"కారణం సెప్పకూడదన్నా. సెప్తే జైల్లో ఎడతారు."

"జైల్లో ఎడితే, రోజూ కూడు అట్టుకొచ్చి ఇచ్చీవోణ్ణి. సూరిగాడికి ఎవులు అట్టుకెల్తారే?"

ఆమె జారిన దుప్పటి అతని భుజం దాకా లాగింది.

పరాంకుశం వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. స్టూలు లాక్కుని కూర్చుని, పైవాళ్ళు చెప్పి పంపిన మాటలు చెప్పాడు. బోటు ఉత్తరాన మునిగిందని ఎల్లాజీ చెప్పాలి. అక్కడ అడుగున పాత ఓడ ఉంది, దానికి వల తగిలిందని చెప్పాలి. కొత్త బోటు ఇప్పిస్తారు, సూరిబాబు భార్యకి ఉద్యోగం ఇస్తారు. ఎల్లాజీ తిరిగి చూశాడు. తోక సంగతేమిటని నూకరత్నం అడిగింది. పరాంకుశం నేల చూస్తూ చెప్పాడు. ప్రయోగం నెగ్గిందని రాశారట. వెనకనుంచి వచ్చిన దాన్ని ముందే పసిగట్టి తిరిగింది కదా. తరిమేదాని పేరు దగ్గర బోటు నంబరు వేశారట. కొత్త మందను పోగేసి, మళ్ళీ అక్కడే మొదలెడతారు.

"అంటే మా సూరిగాడు శత్రువన్నమాట," అన్నాడు ఎల్లాజీ.

పరాంకుశం లేచి వెళ్ళిపోయాడు.

నేను ఇక్కడ పాలెం అంతా ఏకమై కొండెక్కిందని రాస్తే మీకు బాగుంటుంది. ఎక్కలేదు. సూరిబాబు పెద్దకర్మ కాకుండానే బోట్లు వేటకెళ్ళాయి, పిల్లలకి తిండి పెట్టాలి కదా. తోక మళ్ళీ కట్టారు. గొరసలు మళ్ళీ దక్షిణపు లోతుకి పోయాయని సారంగులు పసిగట్టారు. ఒకరికొకరు ఉత్తరాన ఉన్నామని చెప్పుకున్నారు.

వాళ్ళలా చెప్పుకుంటున్న ఒక మధ్యాహ్నం ఎల్లాజీ చేతి కట్టుతోనే హార్బరులో బోట్ల సంఘం గదికి వచ్చాడు. వెనకే నూకరత్నం. ఇస్తామన్న కొత్త బోటు పోతుందని పైడమ్మ దారంతా ఏడ్చింది, అయినా ఆపలేదు, పోయినవాడు ఆమె తమ్ముడు. ఎల్లాజీ వైర్‌లెస్ తీసుకున్నాడు. కొండ మీదవాళ్ళు వింటారని అతనికి తెలుసు.

"నాను ఎల్లాజీని మాటాడతన్నాను. మా బోటు ఉత్తరాన ములగనేదు. బోటులోంచి సూత్తే లైట్‌హౌసూ తాటితోపూ ఒకదాని మీదొకటి వచ్చే సోటు నుంచి దచ్చినానికి ఎల్తే, నీళ్ళు నీలం తిరిగే లోతు. సూరిగాడు ఉన్నది అక్కడ. వోడి మీద సబ్‌మెరైను తిరుగుతంది."

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఒక కుర్ర సారంగు గొంతు, అనుమానంగా.

"అక్కడ సేప నేదా అన్నా?"

నూకరత్నం అన్న మొహంలోకి చూసింది. లేదంటే వాళ్ళంతా వెళ్తారు. ఎల్లాజీ కళ్ళు మూసుకున్నాడు. వైర్‌లెస్ చేతబట్టిన దగ్గర్నుంచి ఉందన్న మాట అతని నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

"ఉందిరా. శానా ఉంది. నా బతుకులో అంత మంద నాను సూడనేదు. ఎల్లకండి."

గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత అదే కుర్రవాడి గొంతు, దాని వెనక ఇంజన్ జోరు తగ్గుతున్న చప్పుడు.

"నానున్నది ఉత్తరాన కాదన్నా. అక్కడే ఉన్నాను. వల ఇంకా దింపనేదు. తిప్పేత్తన్నాను."